వడ్ల చుట్టూ పరుగు

మా ఊరి బడి గ్రౌండు ఏడాదికి రెండుసార్లు కనబడకుండా పోయేది. వానకాలం పంట కోసినప్పుడు ఒకసారి, యాసంగి కోసినప్పుడు ఇంకోసారి. నిన్న సాయంత్రం పిల్లలు వాలీబాల్ ఆడిన చోట ఇవాళ వడ్ల కుప్పలు లేచేవి. ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. కోత మిషన్ పొలంలోకి దిగిందంటే ట్రాక్టరు నేరుగా బడి గేటు ముందుకే వచ్చి ఆగేది. హెడ్మాస్టరు కూడా అలవాటు పడిపోయి, ఆ రోజుల్లో ఆటల పీరియడ్‌లో లెక్కలు చెప్పేవారు. మా ఊరి పిల్లలకు వరి పంటంటే మంట పుట్టడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు.

కట్టంగూర్ దగ్గర హైవే దిగి లోపలికి వస్తే మా ఊరు. నాయినది కౌలు వ్యవసాయం. అమ్మ పనిలో నాయినతో సమానం, మాటలో రెట్టింపు. అక్క నాకంటే మూడేళ్లు పెద్దది. ఊళ్లో పొద్దున్నే లేచి ఉరికే ఆడపిల్ల ఆమె ఒక్కతే కాబట్టి ఆ పరుగు అందరి సొత్తు అయిపోయింది. చాయ్ హోటల్ దగ్గర కూర్చున్న ముసలివాళ్లు కూడా "ఇయ్యాల జర లేటయిందేంది?" అని అడిగేవారు, తామేదో ఆమెకు జీతమిస్తున్నట్టు.

అక్కకు పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగం కావాలి. కావాలంటే మామూలుగా కావాలని కాదు. అన్నం తింటూ తింటూ కూడా కుడి చెయ్యి నుదుటిదాకా లేపి సెల్యూట్ కొట్టి చూసుకునేంత కావాలి. మొదటి రాత పరీక్ష గట్టెక్కింది. ఇక నల్లగొండలో ఈవెంట్స్. అంటే పరుగు, లాంగ్ జంప్, గుండు విసరడం. మిగతా రెండింటికీ ఆమెకు ఫికర్ లేదు. పరుగే శత్రువు. అంతకుముందు సారి ఆఖరి మలుపులో కాళ్లు బరువెక్కి గీతకు ఇవతలే టైము అయిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడవలేదు, బూట్లు కడిగి గోడ మీద ఆరబెట్టింది.

"ఈసారి గూడ కాకుంటే షాద్‌నగర్ కంపెనీల చేరుదువు బిడ్డా. మీ మేనత్త ఆడనే ఉన్నది గద," అన్నాడు నాయిన. కోపంగా అంటే మేం ఎదురు మాట్లాడేవాళ్లం. మెల్లగా అన్నాడు. వయసు దాటిపోతోందని, ఇదే ఆఖరి అవకాశమని మా అందరికీ తెలుసు.

నేనప్పుడు నల్లగొండ మహిళా కాలేజీలో డిగ్రీ చదువుతున్నాను. నాకూ నా దోస్తుకూ, అంటే మా వెనక వీధి టైలరు గారి బిడ్డకు, ఒక ఫేస్‌బుక్ పేజీ ఉండేది. మా ఊరి ముచ్చట్లన్నీ అందులో పెట్టేవాళ్లం. మొదట మా వాడకట్టులో వెలగని వీధి దీపం ఫోటో పెట్టాం. వారం తిరక్కుండా బల్బు వెలిగింది. నిజానికి కరెంటాయన అటుగా వచ్చినప్పుడు తనంతట తానే మార్చాడేమో, అయినా మా లెక్కలో అది విప్లవమే. తర్వాత మూతలేని మురుగు మోరీ పెట్టాం, మూత వచ్చింది. ఇక మా ఇద్దరి కాళ్లూ నేల మీద ఆనలేదు. ఎవరింట్లో నల్లా రాకపోయినా మా దోస్తు ఫోన్ తీసేది. ఆమె ఫోటోల మీద ఎర్ర గుండ్రం గీయడంలో ఘనురాలు. ఎక్కడ తప్పుందో అక్కడ టక్కున సున్నా చుట్టేది. అలా చుట్టితే గాని జనం కళ్లు అక్కడ నిలవవని ఆమె సిద్ధాంతం.

ఈవెంట్స్‌కు ఇంకా నెల కూడా లేదు. ఆ రోజు నేనూ, దోస్తూ, నల్లగొండ లైబ్రరీలో చదువుకునే అక్కా, ముగ్గురం ఒకే బస్సు దిగాం. అక్క బూట్ల సంచి భుజాన వేసుకుని నేరుగా గ్రౌండుకు నడిచింది. గేటు దగ్గర ఆగిపోయింది. గ్రౌండు లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వడ్లు, దుమ్ము, ట్రాక్టర్లు, నేల ఈనినట్టు జనం. హైవే పక్కన ఉరకడం నాయిన ఎప్పుడో బందు పెట్టించాడు, ఒకసారి లారీ ఆమె చున్నీని తాకుతూ పోయినప్పటి నుంచి. డొంకదారిలో రాళ్లు, కుక్కలు, బైకుల మీద కూతలు వేసే వీరులు. అక్క బడి మెట్ల మీద కూర్చుని బూట్లు ఒళ్లో పెట్టుకుంది. ఆ కూర్చున్న తీరు చూసి నాకు ఒళ్లు మండింది.

"పద," అన్నాను దోస్తుతో. ఇద్దరం బడి నీళ్ల ట్యాంకు ఎక్కాం. పైనుంచి గ్రౌండు మొత్తం వచ్చేలా ఫోటో తీశాం. మా దోస్తు అన్నిటికన్నా పెద్ద కుప్ప చూసి దాని చుట్టూ ఎర్ర గుండ్రం గీసింది. పైన నేను రాశాను: "ఇది గ్రౌండా, కల్లమా? పోలీసు కావాలనుకునే ఆడపిల్లలు ఎక్కడ ఉరకాలి?"

తెల్లారేసరికి ఆ పోస్టు మా చేతులు దాటిపోయింది. ఎవరెవరో పంచుకున్నారు. పాలమూరు పక్క ఒక అమ్మాయి "మా ఊర్ల గూడ గిదే గోస అక్కా" అని రాసింది. చిట్యాల నుంచి ఒకతను మా ధైర్యానికి దండాలు పెట్టాడు. నేను కాలేజీ ఎగ్గొట్టి మంచం మీద కూర్చుని అవన్నీ అక్కకు చదివి వినిపించాను. అక్క మొహంలో నవ్వు చూసి ఎంత మురిసిపోయానో చెప్పలేను.

పొద్దెక్కేసరికి మండలం నుంచి ఒక సారు జీపులో రానే వచ్చాడు. ఊరంతా గ్రౌండుకు ఉరికింది, మేమూ ఉరికాం. సారు ఫోన్ పైకెత్తి పట్టుకుని అడిగాడు: "ఈ గుండ్రంలో ఉన్న కుప్ప ఎవరిది?"

జనంలోంచి మా అమ్మ ముందుకొచ్చింది. తువ్వాలతో చేతులు తుడుచుకుని, కళ్లు చిట్లించి ఫోన్‌లోకి చూసింది.

"నాదే సార్," అంది. మళ్లీ చూసి, "గాడ వంగింది గూడ నేనే."

మా దోస్తు నా చెయ్యి గిల్లింది. మా వడ్లు ఇంకా పొలంలోనే ఉన్నాయని నేననుకున్నాను. కోత మిషన్ మా వంతుకు ఒక రోజు ముందే దొరికిందట, మేం నల్లగొండలో ఉండగా కోత అయిపోయిందట. కన్నతల్లిని గుర్తుపట్టలేదా అని మీరడగవచ్చు. ట్యాంకు మీంచి చూస్తే అందరి అమ్మలూ ఒకేలా ఉంటారు. నెత్తి మీద తువ్వాల, వంగిన నడుము, కాళ్ల కింద వడ్లు.

"గీ సున్న ఎవలు సుట్టిర్రు సార్ నాకు?" అని అడిగింది అమ్మ.

సారు మా పేజీ పేరు చదివాడు. అమ్మ వెతుక్కోకుండానే, నేనెక్కడ నిలబడ్డానో తెలిసినట్టు నేరుగా అటే చూసింది. రేపు పొద్దున వచ్చేసరికి గ్రౌండు ఖాళీ కావాలని చెప్పి సారు వెళ్లిపోయాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేం రచ్చ గెలిచి ఇంటికి బయల్దేరాం.

ఇంట్లో అమ్మ కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. పీట వేసింది, కంచం పెట్టింది, అన్నం వడ్డించే చోట నా ఫోన్ పెట్టింది. దాని పక్కన జాగ్రత్తగా పచ్చిపులుసు పోసింది.

"తిను బిడ్డా. లైకులు మస్తుగ వచ్చినయంట గద, కలుపుకొని తిను."

నాయిన నవ్వు ఆపుకోలేక పొలమారి దగ్గాడు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు, ఆకలి మాత్రం బాగా వేసింది. పచ్చిపులుసు ఫోన్ వైపు పారుతుంటే పైటచెంగుతో ఆపింది కూడా అమ్మే. కాసేపటికి నాయిన నెమ్మదిగా అడిగాడు.

"గ్రౌండుల పొయ్యద్దు, మంచిదే. రోడ్డు మీద పోస్తే బండ్లు జారి పడ్తున్నరు. మరి యాడ పొయ్యాలె? తేమ ఆరకుంటే వడ్లు కొనే సెంటర్‌ల కాంటా వెయ్యరు. నెత్తి మీద ఆరబొయ్యాల్నా బిడ్డా?"

ఆ ప్రశ్న నాకు అంతకుముందు తట్టనే లేదు. అక్కకు ఉరికే జాగా లేదని ఊరంతా చాటాను. నాయినకు వడ్లు పోసే జాగా లేదన్న సంగతి పుట్టినప్పటి నుంచి చూస్తూనే ఉన్నా, అదొక కష్టమని ఎప్పుడూ అనుకోలేదు. ఎండ ఎట్లా ఉంటుందో అదీ అట్లాగే ఉంటుందనుకున్నాను.

అక్క లేచి గ్రౌండు వైపు నడిచింది. నేను ఆమె వెనక. వెళ్లి చూస్తే చెప్పులు విడిచి వడ్లలోకి దిగింది. వడ్లు ఆరాలంటే గంట గంటకూ తిప్పాలి. దానికి పారలూ పనిముట్లూ అక్కర్లేదు, పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడిస్తే చాలు, వెనకాల సాళ్లు పడి అడుగున ఉన్న పచ్చి వడ్లు పైకి వస్తాయి. మా ఊళ్లో ప్రతి ఆడమనిషికీ అది వచ్చు. అక్క ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నాలుగు సాళ్లు తీసింది, ఆగింది, వంగి పిక్కలు పట్టుకుంది.

"ఏమైందే?" అన్నాను.

"మండుతున్నయ్," అంది. మొహం మాత్రం వెలుగుతోంది. "కోచింగ్ సారు ఉసికెల ఉరకమన్నడు గద. మనకు ఉసికె యాడిది? గిది ఉసికె కంటె ఎక్కువున్నదే! పది సాళ్లు తీస్తే పిక్కలు రాళ్లయితయ్."

అప్పటికే అమ్మ, చుట్టుపక్కల కుప్పల ఆడవాళ్లు మా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. తిట్టడానికే వచ్చారు. అక్క వాళ్లకు ఒక బేరం పెట్టింది. కుప్పలన్నీ కొంచెం నడుమకు జరుపుకోండి, గోడల వెంట దారి వదలండి. పొద్దున మంచు ఆరేదాకా వడ్ల మీద కప్పిన టార్పాలిన్ పట్టాలు తీయరు కాబట్టి ఆ వేళకు ఉరికితే వాటి మీద దుమ్ము పడదు. ఎండెక్కాక, పట్టాలు తీశాక, అందరి వడ్లూ తానే తిప్పుతుంది.

"అందరివా?" అంది అమ్మ.

"అందరివి."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉచితంగా వచ్చిన కూలిని వద్దనే రైతు ఏ దేశంలోనూ ఉండడు.

ఆ సాయంత్రం మా గ్రౌండులో జరిగినంత సంబరం నేను ఏ పెళ్లిలోనూ చూడలేదు. కుప్పలు జరిగాయి. నాయిన ఎద్దు పగ్గం పట్టుకుని కొలత వేశాడు. నేను సున్నం తెస్తానంటే అమ్మ నన్ను పక్కకు నెట్టి ఇంటి నుంచి ముగ్గుపిండి డబ్బా తెచ్చింది. నడుం వంచి, వెనక్కి నడుస్తూ, గ్రౌండు చుట్టూ గీత లాగింది. మూల మలుపుల దగ్గర ఆ గీత ఎంత గుండ్రంగా తిరిగిందో, వెనకటి జన్మలో స్టేడియాలు కట్టిందేమోననిపించింది. మొదలయ్యే చోట ఊరికే ఉండలేక పెద్ద చుక్క ఒకటి వేసింది, క్రిస్మస్‌కు మా గుమ్మం ముందు వేసే చుక్కే.

"ఉరికే జాగల అదెందుకే అమ్మా?" అన్నాను.

"ప్రభువు సూత్తడు. నీ ఫోనుల జనాలే సూడాల్నా ఏంది?"

మర్నాడు సారు వచ్చేసరికి వడ్లు వడ్ల చోటే ఉన్నాయి. వాటి చుట్టూ తెల్లటి గీత. గీత వెంట అక్క ఉరుకుతోంది. పట్టాల అంచున చాయ్ గ్లాసులతో కూర్చున్న ఆడవాళ్లు ఆమె తమ ముందు నుంచి పోయినప్పుడల్లా "ఉరుకు బిడ్డా, ఉరుకు!" అని అరుస్తున్నారు.

"తీయలేదేంటి?" అన్నాడు సారు.

అక్క ఆగి, ఆయాసపడుతూనే చెప్పింది: "వడ్లు తీయొద్దు సార్."

"మీరే కదమ్మా పోస్టు పెట్టింది?"

"మేమే పెట్టినం సార్. సగమే పెట్టినం. ఇంకో సగం ఇయ్యాల పెడ్తం."

నాయిన ఆయనకు చాయ్ ఇచ్చి, గుట్ట కింద సర్కారు తుమ్మ మొలిచి ఖాళీగా పడి ఉన్న జాగా చూపించాడు. దాన్ని చదును చేస్తే ఊరి వడ్లన్నీ అక్కడే ఆరబోసుకోవచ్చు. ఊరి వాళ్లు ఆ మాట ఎన్నిసార్లో అడిగారట. సారు పాపం కొత్తగా వచ్చినవాడు, తల గోక్కుని, "అది కూడా పెట్టండి, నాకూ పని తేలికవుతుంది," అన్నాడు.

ఈసారి ఫోటో కాదు, వీడియో. తీసింది మేమే గాని నడిపించింది మా అమ్మ. "ట్యాంకెక్కకు, దిగు. కింద నుంచి తియ్యి, మొకాలు కనవడాలె," అని మొదటి ఆజ్ఞ. మంచులో అక్క పరుగు, ముగ్గు గీత, పట్టాలు లేపడం, ఆ తర్వాత ఎండలో అక్కతో పాటు ఊరి ఆడపిల్లలందరూ వరస కట్టి వడ్లు తిప్పడం, అన్నీ అందులో వచ్చాయి. నిన్నటిదాకా ఉరకడానికి సిగ్గుపడిన పిల్లలు కూడా ఆ పొద్దు గీత మీదికి వచ్చారు. చివర్లో అమ్మ మాట్లాడింది: "మా వడ్లకు జాగియ్యిర్రి. మా బిడ్డల జాగ బిడ్డలకు ఇడిసిపెడ్తం." అంతే. నేను రాసిన పెద్ద పెద్ద మాటలన్నీ తీసేసి అదొక్కటే ఉంచాం.

ఆ వీడియో మొదటి పోస్టు కంటే దూరం పోయింది. అంతకన్నా నాకు నచ్చిన సంగతి ఇంకొకటి. మొదటిసారి వచ్చిన కామెంట్లలో కోపం ఎక్కువ, నిజం చెప్పాలంటే ఆ కోపం నాకు మత్తుగా ఉండింది. ఈసారి జనం తమ తమ గ్రౌండ్ల ముచ్చట్లు పంపారు. పాలమూరు పక్క అమ్మాయి వాళ్ల ఊళ్లో పల్లికాయ ఆరబోసిన గ్రౌండు చుట్టూ ముగ్గు గీయించి, ఎనిమిది మంది ఆడపిల్లలు ఉరుకుతున్న వీడియో పంపింది. వాళ్ల అమ్మ మొదలయ్యే చోట పద్మం వేసింది. అది చూసి మా అమ్మ రోజంతా మెలికలు తిరిగిపోయింది. "గీత వంకర పోయింది, జూసినవా?" అని తప్పు పట్టింది గాని, ఆ వీడియో మళ్లీ మళ్లీ పెట్టించుకుంది.

గుట్ట కింద జాగాకు జేసీబీ వచ్చింది. సిమెంటు నేల ఆ ఏడాది కాలేదు, మరుసటి ఏడు అయింది. కాని తుమ్మ చెట్లు పోయి నేల చదునైన రోజు మా నాయిన అక్కడ ఊరికే ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచి వచ్చాడు. అక్క మాత్రం ఈవెంట్స్ దాకా రోజూ ఉరికింది, రోజూ తిప్పింది. ఎవరి కుప్పా వదల్లేదు. పాదాలకు నూగు అంటుకుని రాత్రంతా దురద. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు, నేను పక్కన పడుకుని ఆమెకంటే ఎక్కువ గోక్కునేదాన్ని.

ఈవెంట్స్ రోజు పొద్దున్నే ఊరి ఆడవాళ్లు ఆటో నిండా ఎక్కి నల్లగొండ వచ్చారు. ఎవరూ పిలవలేదు. "మా వడ్లు దిప్పిన బిడ్డ," అన్నారు, అంతే. గేటు బయటే ఆపేశారు. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు, మనుషులనూ పోనివ్వరు. గోడ చాలా ఎత్తు. మోరీ మూతను కూడా ఊరికి చూపించిన మేం, మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద పరుగును చూడలేకపోయాం. లోపల విజిల్ వినపడినప్పుడల్లా అందరం లేచి నిలబడేవాళ్లం. అమ్మ మట్టిలో తనకు తెలియకుండానే పాదం ఈడ్చుతూ ముందుకూ వెనక్కూ నడిచింది. కాసేపటికి గేటు ముందు నేలంతా సాళ్లు పడ్డాయి.

అక్క బయటికి వచ్చినప్పుడు తల వంచుకుని ఉంది. నెమ్మదిగా నడుస్తోంది.  షాద్‌నగర్ బస్సు ఎక్కడ ఆగుతుందో నాకు అప్పుడే గుర్తుకొచ్చింది.

"ఏమైంది బిడ్డా?" అంది అమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అక్క తల ఎత్తింది. కళ్ల నిండా నీళ్లు, మొహం నిండా నవ్వు.

"ఆఖరి మలుపుల అందరి కాళ్లు బరువెక్కినయమ్మా. నా కాళ్ల కింద వడ్లు లేవు గద... వాటంతటవే లేసినయ్."

అమ్మ ఆమెను పట్టుకుని ఏడ్చింది. ఆటోలో వచ్చిన ఆడవాళ్లందరూ ఏడ్చారు, నవ్వారు, మళ్లీ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. ఇంకో రాత పరీక్ష ఉందని మాకు తెలుసు. అయినా అక్క గీత దాటింది. తర్వాతి సంగతి తర్వాత. ఇప్పుడు ఆమె ఖాకీ బట్టల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా మొదట అడిగేది "వడ్లు కోసిర్రా?" అనే.

ఆ రోజు గేటు ముందు మా దోస్తు దూరంగా నిలబడి మమ్మల్ని ఫోటో తీసింది. పోస్టు పెట్టడానికి భయపడి అమ్మ వైపు చూసింది. అమ్మ చెంగుతో మొహం తుడుచుకుని ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఫోటోలో జనం చాలామంది ఉన్నారు, అక్క నడుమ ఎక్కడో చిన్నగా కనిపిస్తోంది. అమ్మ కళ్లు చిట్లించి ఆమెను వెతికి పట్టుకుంది, వేలు పెట్టి చూపించింది.

"మొన్న నాకు సుట్టినవు గద ఎర్ర సున్న," అంది మా దోస్తుతో. "గట్లనే ఇప్పుడు నా బిడ్డకు సుట్టు."